పటపటమ్మ

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెబుతాను. కాలుస్తుంది, విరగ్గొడుతుంది, దానికి జీతం తెచ్చుకుంటుంది. అడిగినవాళ్ళు నవ్వి, వేళాకోళం మాని అసలు సంగతి చెప్పమంటారు. అసలు సంగతి అదే. జిగురుతో తడిపిన బట్టని కాల్చి రాయిలాంటి సరుకు తయారుచేస్తుంది. తయారైన దాన్ని మిషను కింద పెట్టి విరిగేదాకా నొక్కుతుంది. ఎంత బరువుకి విరిగిందో, ఎలా విరిగిందో చూసి, మిగతా సరుకు పనికొస్తుందో లేదో చెబుతుంది.

నేను ఆవిడకి ఆడపడుచుని. ఒక ఆడపడుచు వదినను మెచ్చుకుంటోందంటే వినేవాళ్ళు కాస్త అనుమానించడం సహజమే. పైగా నాకు ముక్కు మీద కోపం, నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే నేను మెచ్చుకుంటే నమ్మవచ్చు. మెచ్చుకోకుండా ఉండడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను, కుదరలేదు.

మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. పైన అన్నయ్యా వదినా. కింద, వీధిలోకి తలుపున్న గదిలో నేనూ నా కుట్టుమిషనూ. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, ఆవిడ ఇష్టపడి కొనుక్కున్న పింగాణీ పళ్ళెం ఒకటి నా చేతిలోంచి జారి పడింది. ఆవిడ ఏమైనా అంటే తిరిగి అనడానికి మాటలన్నీ పోగేసుకుని నిలబడ్డాను. ఆవిడ కింద కూర్చుని పెంకులు ఏరింది. ఒక పెంకు అంచుని కిటికీ వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఇదిగో, ఇక్కడ మొదలైంది" అంది.

"ఏంటి మొదలైంది?"

"విరగడం. ఇక్కడ సన్నటి గీత ఉంది చూడు. ఎప్పటినుంచో ఉండుంటుంది. నీ చేతిలో కాకపోతే ఇంకెవరి చేతిలోనో పోయేది."

నేను పోగేసుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి. ఈవిడతో పోట్లాడడం కష్టమని ఆ రోజే అర్థమైంది. ఆవిడకి పళ్ళెం పోయినందుకు బాధలేదు, ఎలా పోయిందో తెలిసినందుకు సంతోషం. ఇలాంటి మనిషిని నేను అంతవరకు చూడలేదు.

ఒకసారి వాళ్ళ పనిచోటు చూస్తానని వెంటపడితే తీసుకెళ్ళింది. రేకుల కప్పున్న పొడవాటి షెడ్డు. మొదటి గదిలో దుమ్ము లేదు, చల్లగా ఉంది. గోడకి ఆనించి నల్లటి బట్ట తానులు నిలబెట్టి ఉన్నాయి. బట్ట కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు కదా, తాకబోయాను. వదిన చటుక్కున నా చెయ్యి పట్టుకుని, రబ్బరు తొడుగులు ఇచ్చింది. నేత చూశాను. అడ్డం, నిలువు సమంగా, ఎక్కడా పోగు తప్పలేదు. వెంట్రుక కంటే సన్నటి దారాలు కట్టలు కట్టలుగా కలిపి నేసిన బట్ట అది.

"దీంతో ఏం కుట్టచ్చు?" అన్నాను.

"ఏం కుట్టలేవు. సూది గుచ్చితే దారాలు తెగుతాయి. కానీ కొలిమిలో పెట్టినా కాలదు."

ఆ బట్టని ముక్కలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అచ్చులో పేర్చి, మీద చిక్కటి జిగురు పోస్తారు. చూడడానికి పాకంలా ఉంటుంది కానీ ప్లాస్టిక్కుకి దగ్గరి చుట్టం. కాస్త వేడి చేస్తే గట్టిపడి అట్టలా తయారవుతుంది. తర్వాత దాన్ని పెద్ద కొలిమిలోకి పంపుతారు. ప్లాస్టిక్కు కాలితే బూడిదే కదా మిగిలేది అని అడిగాను. మళ్ళీ నాకు తెలియని చోటే వేలు పెట్టానన్నమాట.

"గాలి తగిలితే అంతే" అంది వదిన. "అందుకే కొలిమిలోంచి గాలి తీసేసి, దేన్నీ కాలనివ్వని గ్యాసు నింపుతాం. అప్పుడు ఈ జిగురులో పోవాల్సింది పొగలా పోతుంది, ఉండాల్సింది ఉంటుంది. ఆ మిగిలేది పింగాణీ జాతి. ఎంత వేడినైనా తట్టుకుంటుంది."

అయితే పోయినంత మేర లోపల చిల్లులు పడతాయి. కాబట్టి మళ్ళీ జిగురులో ముంచుతారు, జిగురు చిల్లుల్లోకి వెళ్ళేలా పీడనంతో పట్టిస్తారు, మళ్ళీ కాలుస్తారు. మళ్ళీ కాస్త చిల్లులు. మళ్ళీ ముంచడం. కుండని ఆవంలో ఒక్కసారి కాలిస్తే చాలు, వీళ్ళది తెమిలే వ్యవహారం కాదు.

"ఇలా ఎన్నిసార్లు వదినా?"

"ఇక తాగనని అదే చెప్పేదాకా."

నిజంగానే అది చెబుతుంది. ముంచి కాల్చిన ప్రతిసారీ తూకం వేస్తారు. బరువు పెరగడం ఆగిపోతే కడుపు నిండిందని లెక్క. అప్పటికి నెలలు గడిచిపోతాయి. నేను ఒక జాకెట్టు రెండోసారి విప్పి కుట్టాల్సివస్తే ఇల్లు పీకి పందిరి వేస్తాను. ఈవిడ అదే ముక్కని మళ్ళీ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతూ, పొయ్యి మీద పాలు పెట్టినంత తేలిగ్గా మాట్లాడుతోంది.

చివరి గదిలో విరగ్గొట్టే మిషను ఉంది. వేలంత పట్టీని రెండు ఇనప కడ్డీల మీద వంతెనలా పెట్టి, పైనుంచి మెల్లగా నొక్కుతుంది. ముందు వదిన మామూలు పింగాణీ పట్టీని పెట్టి చూపించింది. కాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి టప్ మని రెండు ముక్కలై ఎగిరింది. నేను ఉలిక్కిపడ్డాను. తర్వాత తను చేసిన పట్టీ పెట్టింది. కొంత బరువు పడగానే లోపలినుంచి పట పట మని చప్పుడు మొదలైంది. మిషను తెరమీద బరువు చూపించే గీత ఒక్కసారిగా కూలిపోకుండా మెట్లు దిగినట్టు దిగింది. పట్టీ వంగింది, చిట్లింది, కానీ రెండుగా విడిపోలేదు. చిట్లిన చోట దారాలు బయటికి లాగినట్టు, అరిగిన పళ్ళబ్రష్షులా నిక్కపొడుచుకుని ఉన్నాయి.

"ఒక్కో దారం మీద సన్నటి నల్లటి పూత ఉంటుంది" అని చెప్పింది. "ఆ పూత వల్ల చుట్టూ ఉన్న పింగాణీ ఆ దారాన్ని మరీ గట్టిగా పట్టుకోదు. పగులు వచ్చి దారాన్ని తాకితే దారం కాస్త జారుతుంది. పగులు అక్కడ ఆగి, పక్కదారి చూసుకుంటుంది. అలా ఆగుతూ ఆగుతూ రావడమే ఈ చప్పుడు. విరగబోతున్నానని ముందే చెప్పడమన్నమాట."

మిషను అంకె చూపిస్తుంది, ఆవిడ అంకె రాసుకుంటుంది, కానీ చెవి మాత్రం చప్పుడు మీదే. అందుకే అక్కడ అందరూ ఆవిడని వెనకాల పటపటమ్మ అంటారు. ఈ రహస్యం కొలిమి దగ్గర పనిచేసే ఆయన నాకు చెప్పాడు. ఆయన చొక్కాలు కుట్టేది నేనే. నేను అదే రోజు వదినకి చేరవేశాను. "బాగుంది" అంది.

ఆ పిచ్చి ఇంటిదాకా వచ్చింది. విరిగే చప్పుళ్ళని ఫోన్లో పట్టి తెచ్చి, భోజనాల దగ్గర వినిపించేది. "ఇది మంచిదా చెడ్డదా, చెప్పండి" అని అన్నయ్యని అడిగేది. ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని "మంచిదే" అనేవాడు. "సరిగ్గా వినండి. చివర్లో ఒక్కటే పెద్దగా వచ్చింది చూడండి, అది బాగాలేదు." చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం అంటే ఏమిటో మా ఇంటికొస్తే తెలిసేది. నేనైతే కంచం తీసుకుని కిందికి పోయేదాన్ని.

అన్నయ్య పనిచేసేది ఇనప సామాన్లకి వేడిపెట్టి గట్టిపరిచే కార్ఖానాలో. పళ్ళచక్రాలూ ఇరుసులూ బరువైన తట్టల్లో పేర్చి, నేలలోకి దిగి ఉన్న కొలిమిలోకి క్రేనుతో దించుతారు. ఎర్రగా కాలాక మళ్ళీ పైకి లాగుతారు. తట్టని పట్టుకుని ఉండే కొక్కేలు కూడా దాంతో పాటే కొలిమిలోకి దిగాలి. అవి ఇనపవి. వేడికి మెత్తబడి సాగుతాయి. ఒకసారి అలా సాగిన కొక్కెం జారింది. తట్ట పూర్తిగా పడలేదు, ఒరిగింది. ఒరిగిన తట్ట అంచు అన్నయ్య భుజానికి తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అన్నయ్య దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. వదిన లెక్కచేసింది. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన మర్నాడే ఆ కొక్కెం కొలతలు అడిగింది.

మొత్తానికి తమ మేనేజరుని ఒప్పించింది, కార్ఖానా యజమానికి కబురు పెట్టించింది. వేడికి సాగని కొక్కేలు చేసిస్తామన్నారు. ఫలానా బరువు మోస్తే చాలు, తీసుకుంటామని ఆయన అన్నాడు. అన్నయ్య తన తోటివాళ్ళందరికీ చాటింపు వేసుకున్నాడు. "మా ఇంటావిడ చేస్తోంది. ఇక నెత్తి మీద చూపు పెట్టుకుని బతకక్కర్లేదు" అన్నాడట. ఇల్లు అలకగానే పండగ కాదని నేను అన్నాను. నా మాట ఎవరు వింటారు.

నెలల తరబడి ముంచి, కాల్చి, తూచి, కొక్కేలు తయారయ్యాయి. వాటితో పాటే అదే బట్ట, అదే జిగురు, అదే కొలిమిలో చేసిన పట్టీలు పరీక్షకి వచ్చాయి. మొదటి పట్టీ అడిగిన బరువు దాటింది. రెండోదీ దాటింది. ఎవరో మిఠాయి తెప్పించారు. మేనేజరు వచ్చి చెయ్యి కలపబోతే వదిన మిషను దగ్గరనుంచి లేవలేదు. ఇంకోటి విరగ్గొట్టింది. టప్. ఇంకోటి. టప్.

"అంకె వచ్చింది సార్" అంది. "చప్పుడు రాలేదు."

మేనేజరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "మనం అమ్మేది కొక్కేలమ్మా, చప్పుడు కాదు. వాళ్ళు అడిగింది బరువు. బరువు మోస్తోంది కదా."

"మోస్తుంది. మోయలేని రోజు మాత్రం ముందు చెప్పదు."

"వెళ్ళేది మీ ఆయన పనిచేసే చోటికే కదా. అందరికంటే మీకే తొందర ఉండాలి."

"అందుకే పంపనంటున్నాను" అంది. మళ్ళీ తనే సర్దుకుంది. "అది కాదు సార్. అక్కడ ఎవరు నిలబడినా పంపను."

ఇదంతా నాకు కొలిమాయన చొక్కా కొలతలిస్తూ చెప్పాడు. వదిన చెప్పింది మాత్రం దాని తర్వాతి ముక్క. విరిగిన పట్టీల అంచులు భూతద్దం కింద పెడితే నున్నగా ఉన్నాయట, పెంకులా. ఒక్క దారమైనా బయటికి జారలేదు. అంటే దారాల మీద ఉండాల్సిన పూత లేదు. పింగాణీ దారాల్ని గట్టిగా కరుచుకుపోయింది. పగులు వస్తే ఆగడానికి చోటే లేక నేరుగా దూసుకుపోయింది. బట్ట అమ్మినవాళ్ళు పూత లేని సరుకు అంటగట్టారని మేనేజరు అన్నాడు. అక్కడున్న అందరూ అవునన్నారు. ఆవిడ కూడా తలూపి ఉంటే సరిపోయేది. నేనైతే ఊపేదాన్నేమో.

వదిన మిగిలిన తానులోంచి ఒక పోగు లాగి చూసింది. పూత ఉంది, బాగానే ఉంది. అప్పుడు ఒక్కో మెట్టూ వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, గంజి దగ్గర ఆగింది.

కొత్తబట్టకి గంజి ఉంటుందని నాకు తెలుసు. ఈ నల్లబట్టకీ మగ్గం మీద తెగకుండా గంజిలాంటిది పట్టిస్తారు. జిగురు పోసేముందు అది పోవాలి. మనం నీళ్ళలో ఉతుకుతాం, వాళ్ళు వేడిపెట్టి పోగొడతారు. అంత వేడి అక్కర్లేదు కానీ దానికి కూడా కొలిమిలో గ్యాసు నింపాలి. ఆ రోజు గ్యాసు సిలిండరు అడుగంటింది. కొత్తది వచ్చేదాకా ఆగితే పని వెనకబడుతుంది, ఉన్న కాస్తా పెద్ద కాల్పులకి కావాలి. ఈ కాస్త వేడికి గ్యాసెందుకులే అని వదిన మామూలు గాలిలోనే కానిచ్చింది. గంజి పోయింది. గంజితో పాటు దాని కింద పూతా కాలిపోయింది. నల్లబట్ట కాలినా నల్లగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి చెప్పింది. "బట్ట మంచిదే సార్. గంజి తీసింది నేను. తప్పు నాది." ఆయన చాలా అన్నాడట. అన్నీ విని, ఆవిడ ఆ కొక్కేలన్నింటినీ రంపం మిషను దగ్గరికి తీసుకెళ్ళి ముక్కలు కోసేసింది. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వాడతారని భయం.

ఇంట్లో మాత్రం గాలి స్తంభించింది. అన్నయ్య కంచం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద ఎత్తలేదు.

"అంటే నేనింకా ఆ ఇనప కొక్కేల కిందే నిలబడాలన్నమాట."

"అవును" అంది వదిన.

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు చేసిన పొరపాటుకి అన్నయ్య ఎందుకు నిప్పుల కింద నిలబడాలి? పట్టీలు బరువు మోశాయి కదా, నువ్వే చెప్పావు. ముక్కలు చెయ్యకుండా ఆ మోసేవి ఇచ్చి ఉండచ్చు కదా" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "ఇనుము పడేముందు సాగుతుంది. సాగడం మీ అన్నయ్యకి కనిపిస్తుంది, పక్కకి జరుగుతారు. నేను చేసిన ఈ కొక్కెం సాగదు, వంగదు, కిక్కురుమనదు. చెప్పకుండా పోయేదాన్ని తీసుకెళ్ళి ఆయన నెత్తి మీద ఎలా వేలాడదియ్యను?"

అన్నయ్య చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళిపోయాడు. నేను కోపం కోపంగానే కిందికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను కానీ కాలు ఆడలేదు. చేతికందిన మెప్పుని వదులుకోవడం ఒక ఎత్తు. ఇంట్లో మొగుడి ముఖం చూస్తూ వదులుకోవడం ఇంకో ఎత్తు. అది నావల్ల కాదని నాకు బాగా తెలుసు. ఆ రోజునుంచి మా వదినంటే నాకు గౌరవం, ఇది దాచుకోవాల్సిన సంగతేం కాదు.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి గంజి తీసేటప్పుడు గ్యాసు నింపింది, దగ్గరుండి నింపింది. ముంచడం, కాల్చడం, తూచడం. అన్నయ్య రోజూ పనికి వెళ్తూ "చూపు పైనే పెట్టుకుంటాలే" అని వెళ్ళేవాడు. అది దెప్పడమో ధైర్యం చెప్పడమో నాకు చాలారోజులు తెలియలేదు. పట్టీలు పరీక్షకి వచ్చిన రోజు వదిన ఆయన్ని సెలవు పెట్టించి తనతో తీసుకెళ్ళింది. మిషను పక్కన నిలబెట్టి, ఒకటి తర్వాత ఒకటి విరగ్గొట్టి వినిపించింది. ఇంటికొచ్చాక ఎలా ఉందని అడిగాను.

"ఫోన్లో విన్నట్టు లేదు" అన్నాడు. "కాళ్ళకి కూడా తెలుస్తుంది." అంతకు మించి చెప్పలేదు. మర్నాడు ఉదయం చూస్తే ఆవిడ టిఫిన్ డబ్బా ఆయనే సర్దుతున్నాడు.

కొత్త కొక్కేలు కార్ఖానాకి వెళ్ళాయి, పనిలోకి దిగాయి. రోజులు గడిచాయి. సాగలేదు, వంగలేదు. మెల్లగా మేమంతా వాటి సంగతి మర్చిపోయాం. మంచి పనివాళ్ళకి దక్కే బహుమానం అదే, వాళ్ళ పని ఎవరికీ గుర్తురాదు.

ఒక మధ్యాహ్నం నేను చొక్కాకి కాలరు ఎక్కిస్తున్నాను. వదినకి ఆ రోజు సెలవు, నా ఎదురుగా కూర్చుని గుండీలు కుడుతోంది. అన్నయ్య వేళకాని వేళలో ఇంటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో తువ్వాలు చుట్టిన మూట ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"తట్ట పైకి లాగుతుంటే దాని అంచు కొలిమి నోటికి తగులుకుంది. క్రేను ఆగలేదు, లాగుతూనే ఉంది. నేనూ, నాతో పనిచేసేవాడూ కిందే ఉన్నాం." ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "చప్పుడు మొదలైంది. వాడికి అదేంటో తెలీదు, పైకి చూస్తూ నిలబడ్డాడు. నేను వాణ్ణి రెక్క పట్టి లాగేశాను. అరిచి క్రేను ఆపించాను. తట్ట అలాగే వేలాడింది, పడలేదు. దించి చూస్తే ఇది."

మూట విప్పి వదిన ఒళ్ళో పెట్టాడు. కొక్కెం నడుం దగ్గర చిట్లి ఉంది. చిట్లిన రెండు వైపులనీ దారాలు పట్టుకుని ఉన్నాయి, విడిచిపెట్టలేదు. బయటికి జారిన చివరలు పొడుచుకుని కనిపిస్తున్నాయి.

వదిన ముందు కొక్కేన్నే చూసింది. మొగుడు చావు తప్పించుకుని వచ్చి ఎదురుగా నిలబడితే ఈవిడ ఇంకా అంచులు చూస్తోందేమిటని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయాను. అప్పుడు చూశాను, ఆ దారాల మీద ఆవిడ కన్నీళ్ళు పడుతున్నాయి. తర్వాత తలెత్తి ఆయన భుజాలూ చేతులూ మొహం ఒక్కొక్కటీ చూసింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదలు.

"చప్పుడు ఎలా వచ్చింది?" అని అడిగింది.

భోజనాల దగ్గర ఎన్నిసార్లు అడిగినా సరిగ్గా చెప్పని మా అన్నయ్య, కుట్టుగదిలో గుడ్డపేలికల మధ్య ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోటితో చేసి చూపించాడు. "పట... పట. కాసేపు లేదు. మళ్ళీ పటపటపట."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

"ఇంకోసారి అనండి" అంది.